సెలవుల్లోనే ఇంజిన్ ఎందుకు మొరాయిస్తుంది?

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగస్ వెళ్లే ఐ-15 రహదారి మీద, మొహావే ఎడారి నడుమ బేకర్ అనే చిన్న ఊరుంది. అక్కడ 134 అడుగుల ఎత్తున ఒక థర్మామీటర్ స్తంభం నిలబెట్టారు. దగ్గర్లోని డెత్ వ్యాలీలో 1913 జులై 10న నమోదైన 134 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 56.7 డిగ్రీల సెల్సియస్‌కు అది గుర్తు. బేకర్ దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. సుమారు 30 కిలోమీటర్ల దూరంలో రోడ్డు 950 మీటర్ల పైకి లేచి హాలోరాన్ సమ్మిట్ చేరుతుంది. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపుకోమని చెప్పే బోర్డులు ఈ దారిలో ఉన్నాయి. దక్షిణ కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబాలు వేసవిలో వేగస్‌కు బయల్దేరితే పట్టేది ఈ దారే.

పికప్ ట్రక్కు వెనక క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని, పిల్లాపాపలతో విహారానికి వెళ్లడం అమెరికాలో మామూలు సంగతి. ఏడాది పొడవునా ఏ పేచీ పెట్టని ట్రక్కు సరిగ్గా ఆ ప్రయాణంలోనే ఇలాంటి ఎక్కుడు మీద ఆగిపోతే, అది వాళ్ల దురదృష్టం అనుకుంటాం. కానీ లెక్క వేసి చూస్తే, దాగి ఉన్న లోపం బయటపడడానికి అంతకన్నా అనువైన రోజు మరొకటి లేదని తెలుస్తుంది.

వేడి లెక్క

ఇంజిన్‌లో మండిన ఇంధనపు శక్తిలో స్థూలంగా మూడో వంతే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. ఇంకో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కూలెంట్‌లోకి చేరి, రేడియేటర్ ద్వారా గాలిలో కలవాలి. అంటే చక్రాలకు ఎంత శక్తి అందుతోందో, దాదాపు అంత వేడినీ రేడియేటర్ ప్రతి క్షణం బయటికి నెట్టేయాలి.

ఖాళీ పికప్ చదును రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు 15 కిలోవాట్లు చాలు. అదే బండికి ట్రైలర్ తగిలించి, మనుషులు, సామాను ఎక్కించి, మొత్తం బరువు 5 టన్నులు చేశామనుకుందాం. బేకర్ ఎక్కుడు మీద అదే వేగంతో ఆ బరువును పైకి లాగడానికే 35 కిలోవాట్లు కావాలి. ట్రైలర్ వెడల్పాటి ముఖానికి ఎదురయ్యే గాలి, టైర్ల రాపిడి కలిపితే మొత్తం 70 దాటుతుంది. రేడియేటర్ వదిలించుకోవలసిన వేడి కూడా ఇంచుమించు అంతే. 2 కిలోవాట్ల నీళ్ల గీజర్లు ముప్పై అయిదు ఒకేసారి మరుగుతుంటే ఎంత వేడో అంత వేడి.

రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి ఇందులో నాలుగో వంతు భారం కూడా పడదు. అందుకే రేడియేటర్ రెక్కల్లో సగం దుమ్ముతో పూడుకుపోయినా, వాటర్ పంప్ అరిగినా, ఫ్యాన్ క్లచ్ జారుతున్నా ఊళ్లో తిరిగినంతకాలం ఏమీ తెలియదు. బరువు, ఎక్కుడు, ఎండ మూడూ ఒక్కరోజే మీద పడినప్పుడు తెలుస్తుంది. వేడిని మోసుకుపోయే ఎడారి గాలే 45 డిగ్రీల దగ్గర ఉంటే, కూలెంట్‌కూ గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గి, రేడియేటర్ సామర్థ్యం ఆ మేరకు పడిపోతుంది. దాని ముందే ఉండే ఏసీ కండెన్సర్ కూడా తన వేడిని అదే గాలిలోకి వదులుతుంది. ఏసీ ఆపమనే బోర్డు వెనక ఉన్న శాస్త్రం ఇదే.

కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. ట్రక్కు ఎంత బరువు లాగగలదో తేల్చే ఎస్ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) జె2807 ప్రమాణంలో, కొలరాడో నది మీది డేవిస్ డ్యామ్ దగ్గర అరిజోనాలో ఉన్న ఎక్కుడును పరీక్షకు కొలమానంగా పెట్టుకున్నారు. సుమారు 18 కిలోమీటర్లలో 900 మీటర్లకు పైగా ఎక్కాలి. బయట 38 డిగ్రీల వేడి ఉండాలి, ఏసీ పూర్తిగా నడుస్తుండాలి. మామూలు పికప్ వేగం గంటకు 64 కిలోమీటర్ల కిందికి పడకూడదు. టయోటా 2011 మోడళ్లతో ముందుగా ఈ ప్రమాణాన్ని పాటించింది. మిగతా పెద్ద కంపెనీలు తర్వాత అందుకున్నాయి. అయితే ఆ పరీక్ష నెగ్గింది కొత్త బండి. మన బండి పదేళ్ల పాతదైతే ఆ అంకె మీద భరోసా పెట్టుకోకూడదు.

లోపల ఏం జరుగుతుంది?

నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్ మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత దాన్ని దాదాపు ఒక వాతావరణ పీడనం మేర అదనంగా బిగించి ఉంచడంతో, మరిగే స్థాయి 129 డిగ్రీల దాకా పెరుగుతుంది. మూత రబ్బరు వదులైనా, హోస్ పైపు చీలినా ఈ రక్షణ పోతుంది. కూలెంట్ మరిగి ఆవిరైతే, ఆవిరి ద్రవంలాగా లోహం నుంచి వేడిని లాగలేదు. అప్పుడు సిలిండర్ హెడ్‌లో అక్కడక్కడా వేడి గుమిగూడుతుంది.

చాలా ఇంజిన్లలో హెడ్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రెండింటి మధ్య నలిగేది హెడ్ గ్యాస్కెట్. అది పోతే కూలెంట్ సిలిండర్‌లోకి, ఇంజిన్ ఆయిల్‌లోకి దారి చేసుకుంటుంది. పొగగొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్లని పొగ రావడం, ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగుకు తిరగడం దానికి గుర్తులు. పెట్రోల్ ఇంజిన్‌కు మెకానిక్ ఒక నీలం ద్రవంతో పరీక్ష చేస్తాడు. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని అందులోకి లాగినప్పుడు రంగు పసుపుకు మారితే, మండిన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ కూలెంట్‌లోకి చేరిందన్నమాట.

ఇంతకన్నా పెద్ద నష్టం ఆయిల్ వైపు నుంచి వస్తుంది. 1883లో ఇంగ్లండ్‌లో బ్యూచాంప్ టవర్ రైలు ఇరుసు బేరింగ్‌ల మీద ప్రయోగాలు చేస్తూ, బేరింగ్ పైభాగాన ఒక రంధ్రం వేశాడు. అందులోంచి ఆయిల్ పైకి ఉబికింది. చెక్క బిరడా బిగిస్తే దాన్నీ నెట్టేసింది. తిరిగే ఇరుసు తనంతట తానే ఆయిల్‌ను బేరింగ్ సందులోకి లాక్కుని పీడనం పుట్టిస్తోందని, బేరింగ్ ఆ పొర మీద తేలుతోందని అలా బయటపడింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతం రాశాడు. మన ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ తేలేది కూడా కొన్ని మైక్రాన్ల మందమున్న అలాంటి పొర మీదే. ఆయిల్ మరీ వేడెక్కి పలచబడినా, అందులో నీళ్లు కలిసినా పొర తెగుతుంది, లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. కింది నుంచి టకటకమని దెబ్బలు వినిపిస్తాయి. ఆ తర్వాత ఇంజిన్ సీజ్ అవుతుంది. ఇక ఇంజిన్ దించాల్సిందే.

ముందే తెలిసే గుర్తులు

ఈ వరసలో ప్రతి మెట్టుకూ కొన్ని నిమిషాల వ్యవధి ఉంటుంది. ఇంజిన్ వేడిని చూపే ముల్లు మామూలు చోటు నుంచి కదలగానే ఏసీ ఆపి, వేగం తగ్గించి, గేరు దించాలి. గేరు దించితే అదే వేగానికి వాటర్ పంప్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది. హీటర్ పూర్తిగా పెడితే దాని గొట్టాలు చిన్న రేడియేటర్‌లా పనిచేస్తాయి. ఎడారిలో అది నరకమే, అయినా హెడ్ గ్యాస్కెట్ దక్కుతుంది. చాలా కొత్త బండ్లలో ముల్లు కొంత మేర వేడి పెరిగినా నడిమధ్యే నిలిచేలా అమర్చి ఉంటుంది. కాబట్టి అది కదిలిందంటే అప్పటికే వేడి బాగా పెరిగిందని అర్థం. కూలెంట్ అంతా కారిపోతే సెన్సర్‌కు ద్రవం తగలక, ముల్లు కిందికి దిగి మోసం చేయవచ్చు కూడా.

అయినా వేడి తగ్గకపోతే రోడ్డుకు వీలైనంత దూరంగా ఆపాలి. కూలెంట్ కారకుండా, భారం వల్లే వేడెక్కితే, న్యూట్రల్‌లో కాసేపు ఇంజిన్ నడిపితే పంపూ ఫ్యానూ వేడిని లాగేస్తాయి. ఆవిరి చిమ్ముతున్నా, ముల్లు ఎర్ర గీత దాటినా, ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగినా ఆ క్షణమే ఇంజిన్ ఆపేయాలి. ఆయిల్ లైటు వెలిగాక ఇంకొక్క కిలోమీటరు వెళ్దామనుకోవడమే ఇంజిన్‌ను చంపుతుంది.

వేడి రేడియేటర్ మూత తీయడం మహా ప్రమాదం. పీడనం తొలగగానే 110 డిగ్రీల ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజిన్ మీద చల్లని నీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగలొచ్చు. ఇంజిన్ ఆపాక కూలెంట్ కదలిక ఆగి, లోహంలో నిలిచిన వేడి కాసేపు పెరుగుతూనే ఉంటుంది. చల్లబడడానికి అరగంట పైనే పడుతుంది.

ఈలోగా కాపాడుకోవలసింది మనుషుల్ని. ఎండలో ఆగిన బండి లోపలి గాలి నిమిషాల్లో వేడెక్కుతుంది, పిల్లలూ పెద్దవాళ్లూ ముందుగా నీరసిస్తారు. రక్షణ కంచె ఉంటే దాని అవతల, నీడ చూసుకుని కూర్చోబెట్టాలి. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ డెత్ వ్యాలీ యాత్రికులకు మనిషికి రోజుకు కనీసం ఒక గాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల నీళ్లు ఉండాలని చెబుతుంది. అది తాగడానికే. రేడియేటర్‌కు వేరే డబ్బా ఉండాలి.

మన ఘాట్ రోడ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. విశాఖ నుంచి అరకుకో, హైదరాబాద్ నుంచి శ్రీశైలానికో నిండుగా ఎక్కి వెళ్లే బండి నెమ్మదిగా మలుపులు తిరుగుతుంటే ఎదురుగాలి తక్కువ, రేడియేటర్ భారమంతా ఫ్యాన్ మీదే పడుతుంది. జాతీయ రహదారి మీద చిక్కుకుంటే 1033కు ఫోన్ చేయవచ్చు.

ప్రయాణానికి ముందు రోజు హడావుడిగా కాకుండా, ఓ రెండు వారాల ముందే కూలెంట్ మట్టం, హోస్‌లు, మూత, బెల్టు, రేడియేటర్ రెక్కలు, ఫ్యాన్, ఆయిల్ చూపించుకోవాలి. తరచూ కూలెంట్ తగ్గుతూ ఉంటే ఊరికే పోసుకుంటూ పోకుండా ఎక్కడికి పోతోందో కనుక్కోవాలి. ఊళ్లో ఆ లోపం ఒక హోస్ ఖర్చుతో తీరిపోతుంది. అదే ఎక్కుడు మీద బయటపడితే ఇంజిన్‌నే అడుగుతుంది, ఎండలో నిలబడిన కుటుంబాన్ని కూడా పణంగా పెడుతుంది.