ఐ.పి. పెట్టినవారికి మళ్ళీ అప్పు పుట్టేదెలా?

గుంటూరు: మన వైపు పల్లెల్లో ‘ఐ.పి.’ అంటే ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మిరప ధర పడిపోయినా, పత్తికి తెగులు తగిలినా, చీటీల వ్యాపారం బోల్తాపడినా కొన్నాళ్ళకు ఫలానావారు ఐ.పి. పెట్టారన్న మాట రచ్చబండ మీదికి వస్తుంది. అప్పిచ్చినవాళ్ళ ఇళ్ళకు వకీలు నోటీసులు చేరుతాయి. ఒక ఇంట్లో ఏడుపు, ఇంకో ఇంట్లో తిట్లు. వ్యవహారం అంతటితో ముగిసిందని ఇరువైపులవారూ అనుకుంటారు.

అసలు చిక్కు ఆ తర్వాతనే మొదలవుతుంది. ఐ.పి. పెట్టిన మనిషి ఊళ్ళోనే బతకాలి. మరుసటి ఏడు విత్తనాలు కొనాలి, ఎరువు తేవాలి, పిల్లలకు ఫీజులు కట్టాలి. వడ్డీ వ్యాపారి ముఖం చాటేస్తాడు. బ్యాంకులో మేనేజరు కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపుతాడు. పోయిన పరపతి తిరిగి వస్తుందా అంటే వస్తుంది. కాని కోర్టు పనిని సగంలో వదిలేసినవారికి మాత్రం కష్టం.

దివాలా వ్యవహారాలకు 2016లో కొత్త చట్టం వచ్చిన మాట నిజమే. అయితే అందులో వ్యక్తుల అప్పులకు సంబంధించిన భాగం, కంపెనీల బాకీలకు హామీ ఉన్నవారి విషయంలో తప్ప, అమలులోకి రాలేదు. రైతుకైనా, కిరాణా వర్తకుడికైనా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే ఇప్పటికీ దిక్కు. బాకీ 500 రూపాయలు దాటితే ఐ.పి. పెట్టవచ్చునని అందులో ఉంది. ఆ లెక్క ఏ కాలం నాటిదో వేరే చెప్పాలా!

నోటీసు ఇచ్చినంత మాత్రాన దివాలాదారు అయిపోరు. కోర్టు విచారించి, దివాలాదారుగా ప్రకటించాలి. ఆ ఉత్తర్వులోనే, ‘ఇన్నాళ్ళలోగా విడుదల కోసం దరఖాస్తు పెట్టుకో’ అని గడువు కూడా రాస్తారు. కోర్టువారు ‘డిశ్చార్జి’ అనేది ఈ విడుదలనే. గడువు దాటినా దరఖాస్తు పెట్టకపోతే కోర్టు తన ప్రకటనను రద్దు చేయవచ్చు. అప్పుడు పాత బాకీలన్నీ మళ్ళీ లేచి కూర్చుంటాయి. వకీలు ఫీజు దండగ, పరువూ దండగ.

విడుదల కూడా అడిగిన వెంటనే ఇచ్చేది కాదు. ఆస్తి మొత్తం లెక్కగట్టినా హామీ లేని బాకీలలో రూపాయికి ఎనిమిది అణాలైనా రాకపోతే, అది తన తప్పు వల్ల కాదని దివాలాదారు రుజువు చేసుకోవాలి. పంట పోయినప్పటి కాగితాలు, ఎరువుల షాపు రసీదులు, యార్డు తక్‌పట్టీలు అటకమీద పడేయకుండా దాచుకోవలసింది ఇందుకే. వర్తకుడైతే ఖాతా పుస్తకాలు సరిగా రాయలేదన్నది కూడా అభ్యంతరమే అవుతుంది. ఐ.పి. పెట్టడానికి ముందు రెండేళ్ళలో పొలాన్ని బావమరిది పేరుకు మార్చి ఉంటే, ఆ బదలాయింపును కొట్టివేయించే అవకాశం చట్టంలో ఉంది. తెలివైన పని అనుకుని చేసేది చివరకు మెడకు చుట్టుకుంటుంది.

రైతు నివాసముండే ఇల్లు, బతుకుతెరువుకు కావలసిన పశువులు, సేద్యపు పనిముట్లు, విత్తనపు గింజలు మామూలు బాకీల కింద జప్తుకు రావు. ఇది తెలియక ముందే ఎడ్లను తెగనమ్ముకున్నవారున్నారు. అయితే తనఖా పెట్టిన పొలానికీ, కుదువపెట్టిన బంగారానికీ ఐ.పి. రక్షణ లేదు. ప్రభుత్వ బాకీ, మోసంతో చేసిన అప్పు, భార్యకు చెల్లించవలసిన మనోవర్తి విడుదల తర్వాత కూడా పోవు.

మధ్యకాలంలో మరో ప్రమాదం ఉంది. విడుదల పొందని దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అరువు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక పురుగుమందు డబ్బా అరువు తెచ్చినా ఈ గీత దాటినట్టే. అడగడం నేరం కాదు, దాచడమే నేరం.

కోర్టు పని తేలాక బ్యాంకు చిట్టా చూసుకోవాలి. సిబిల్ వంటి నాలుగు సంస్థలు దేశంలో అప్పులవారి వివరాలు రాసిపెడుతున్నాయి. మార్కులు 300 నుంచి 900 దాకా. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా పొందవచ్చు. తీరిపోయిన బాకీ ఇంకా ఉన్నట్టు చూపితే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిదిద్దకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది.

ఓ.టి.ఎస్. కింద కొంత కట్టి మిగతాది మాఫీ చేయించుకున్నవారు ఒక సంగతి గమనించాలి. నివేదికలో అది ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది. చూసే మేనేజరుకు ఈ రెండూ ఒకటి కావు. వ్యవసాయేతర అప్పులో ఇలా రాజీ పడితే ఆ బ్యాంకు కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వరాదని 2023లో రిజర్వు బ్యాంకు చెప్పింది. పంట అప్పుల గడువును మాత్రం బ్యాంకుల విచక్షణకే వదిలింది. కనుక రాజీకి సంతకం పెట్టే ముందే మళ్ళీ పంట అప్పు ఎప్పుడిస్తారో అడిగి తెలుసుకోవడం మేలు. బాకీ లేనట్టు ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా బ్యాంకు గడప దిగవద్దు.

ఆ తర్వాత చిన్నగా మొదలుపెట్టవలసిందే. కొద్దిపాటి బంగారం మీదనో, డిపాజిట్ మీదనో అప్పు తెచ్చి, గడువు రోజుకు ముందే కడుతూ పోతే చిట్టాలో కొత్త వరుసలు చేరతాయి. ఇన్ని మార్కులుంటేనే అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు గీత గీయలేదు. నిర్ణయం బ్యాంకులదే. కిసాన్ కార్డు మీద 3 లక్షల దాకా తీసుకున్న పంట అప్పు సకాలంలో కడితే వడ్డీ 7 నుంచి 4 శాతానికి దిగడం అదనపు లాభం.

ఇంట్లో ఆడవాళ్ళ సంగతి వేరు. భర్త అప్పు పత్రాల మీద సంతకం లేకపోతే ఆయన ఐ.పి. భార్య చిట్టాకు ఎక్కదు. డ్వాక్రా సంఘంలో ఆమె పేరు నిలబడే ఉంటుంది. ఆ పేరు మీద తెచ్చి భర్త పాత బాకీలకు పోస్తే ఇద్దరి పేరూ పోతుంది.

ఇక హామీ సంతకం పెట్టినవారి గోడు. దివాలాదారుకు విడుదల వచ్చినా జామీనుదారుకు రాదు. బ్యాంకు ఆయన వెంట పడుతుంది, ఆయన చిట్టా కూడా చెడుతుంది. ఊళ్ళో పోయిన పరపతిలో సగం ఇక్కడే పోతుంది. అటువంటివారు లోక్ అదాలత్‌లో బ్యాంకుతో రాజీ కోసం ప్రయత్నించవచ్చు. అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు, కోర్టులో ఉన్న కేసయితే కట్టిన ఫీజు వాపసు వస్తుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండానే ఉచిత సాయం ఉంది. ఫోను నంబరు 15100.