పార్కింగ్ స్థలంలో రెండొందల మంచాలు

ఒకపక్క సముద్రపుటొడ్డు, మరోపక్క ఖరీదైన అపార్ట్‌మెంట్లు, దాపునే బే బ్రిడ్జి. మధ్యలో పోర్టు వారి పార్కింగ్ స్థలం. కాగితాల మీద దాని పేరు సీవాల్ లాట్ 330. అక్కడ నిరాశ్రయులకు వసతి కేంద్రం కడతామని 2019 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో అప్పటి మేయర్ లండన్ బ్రీడ్ ప్రకటించారు. చుట్టుపక్కల వాళ్లు భగ్గుమన్నారు.

కోర్టు ఖర్చుల కోసం వాళ్లు గోఫండ్‌మీ అనే విరాళాల వెబ్‌సైట్‌లో వసూళ్లు మొదలుపెడితే లక్ష డాలర్లు దాటాయి. కేంద్రం కావాలనే వాళ్లు పోటీగా ఇంకో నిధి తెరిచారు. దానికి అంతకంటే ఎక్కువే వచ్చింది. సేల్స్‌ఫోర్స్ అధినేత మార్క్ బెనియాఫ్ 10 వేల డాలర్లు ఇచ్చారు. గోఫండ్‌మీ సంస్థే 5 వేలు వేసింది. ఏప్రిల్‌లో జరిగిన సమావేశంలో మేయర్‌ను మాట్లాడనివ్వకుండా వ్యతిరేకులు కేకలు వేశారు. పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లలో, అవ్వ పెంపకంలో ఎదిగిన మనిషి ఆమె.

వ్యతిరేకించిన వాళ్లందరినీ మనసులేని డబ్బున్నోళ్లని తీసిపారేయలేం. పిల్లల చెయ్యి పట్టుకుని నడిచే తల్లి ఫుట్‌పాత్ మీద మత్తుమందు సూదులు చూసి హడలిపోతే తప్పేముంది? అప్పు చేసి కొన్న ఇంటి ధర పడిపోతుందనే దిగులూ మామూలు మనుషులదే. కానీ ఆ భయానికి విరుగుడు ఏమిటన్నదే ప్రశ్న. కేంద్రం ఆగిపోయినంత మాత్రాన వీధిలో పడుకున్న మనిషి ఎక్కడికీ పోడు. ఆ ఏడాది జనవరిలో లెక్క తీస్తే నగరంలో నిరాశ్రయులు 8,035 మంది, అందులో 5,180 మందికి తలమీద ఏ కప్పూ లేదు. ‘కేంద్రం పెడితే బయటి ఊళ్ల వాళ్లంతా వచ్చి పడతారు’ అన్న మాటకూ ఆ ఏడాది సర్వేలోనే జవాబు ఉంది. పదిమందిలో ఏడుగురు ఇల్లు పోగొట్టుకునే నాటికి ఆ నగరంలోనే ఉంటున్నామని చెప్పారు. వాళ్లు కూడా ఇరుగుపొరుగే!

మంచం ఇస్తామన్నా కొందరు ఎందుకు రారు? ఇది తెలియకపోతే ఈ గొడవ మొత్తం అర్థం కాదు. పాతకాలపు షెల్టర్‌లో సాయంత్రం వరసలో నిలబడాలి, తెల్లారగానే ఖాళీ చేయాలి. భార్యాభర్తలైతే ఆడవాళ్ల వైపు ఒకరు, మగవాళ్ల వైపు ఒకరు. ఏళ్ల తరబడి కాళ్ల దగ్గర పడుకుని కాపలా కాసిన కుక్కను బయటే వదిలేయాలి. సూపర్‌మార్కెట్ తోపుడుబండిలో దుప్పట్లు, మందులు, గుర్తింపు కార్డులు, చనిపోయిన వాళ్ల ఫొటోలు ఉంటాయి. దాన్ని వీధిలో వదిలి లోపలికి వెళితే, తెల్లారేసరికి పారిశుద్ధ్య సిబ్బంది ఎత్తుకెళ్లారో, దొంగలు ఎత్తుకెళ్లారో! అలాంటప్పుడు చలిలోనే ఉండిపోవడం మొండితనం కాదు, లెక్క చూసుకుని తీసుకున్న నిర్ణయం.

2015 మార్చిలో మిషన్ స్ట్రీట్‌లో తెరిచిన మొదటి ‘నావిగేషన్ సెంటర్’ ఈ లెక్కను మార్చింది. ఇలాంటి కేంద్రాలకు జంటగా రావచ్చు, కుక్కను తెచ్చుకోవచ్చు, సామాను దాచుకోవచ్చు. పగలూ రాత్రీ తలుపులు తెరిచే ఉంటాయి. వీధుల్లో తిరిగే సిబ్బంది పంపితేనే చేర్చుకుంటారు కాబట్టి గేటు ముందు వరసలు ఉండవు. సీవాల్ లాట్‌లో కట్టాలనుకున్నదీ అలాంటిదే.

గొడవ వల్ల మేలు జరగలేదని అనను. మొదట 130 మంచాలతో మొదలుపెట్టి, ఆపైన 200కు పెంచేలా అధికారులు ఒప్పుకున్నారు. నాలుగేళ్ల లీజును రెండేళ్లకు కుదించి, పనితీరు బాగుంటేనే మరో రెండేళ్లు అన్నారు. 2019 ఏప్రిల్ 23న పోర్టు కమిషన్ ఏకగ్రీవంగా ఆమోదించింది. వ్యతిరేకులు కోర్టుకెక్కారు. పని ఆపడానికి సెప్టెంబరులో కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబరు చివర్లో కేంద్రం తెరుచుకుంది.

అమెరికాలో ఇలాంటి మంచాల విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. షెల్టర్‌లో చోటు లేనప్పుడు బయట పడుకున్న వాళ్లను శిక్షించకూడదని 2018లో అక్కడి పశ్చిమ రాష్ట్రాల అప్పీలు కోర్టు చెప్పింది. గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అంటే మంచం చూపించకుండానే జరిమానా వేయొచ్చు. నా దృష్టిలో ఇది ఘోరం.

బే ఏరియాలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ గొడవ గుమ్మం ముందు సంగతే. మనకూ దూరపుది కాదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లు లేనివాళ్లు దాదాపు 1.45 లక్షలు. నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు నడిచే షెల్టర్ ఉండాలని మన సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. అయినా హైదరాబాద్‌లో నిలోఫర్, ఉస్మానియా ఆసుపత్రుల బయట చూడండి. లోపల బిడ్డ వార్డులో ఉంటే, తండ్రి ఫైలు తలకింద పెట్టుకుని ఫుట్‌పాత్ మీద పడుకుంటాడు. పల్లెలో ఇల్లున్నా ఆ రాత్రికి అతనూ నిరాశ్రయుడే.

రేపు మన కాలనీలో షెల్టర్ వస్తుందంటే సమావేశానికి తప్పకుండా వెళ్లాలి. అయితే, వద్దనడానికి కాదు. రాత్రి పన్నెండింటికి గొడవైతే ఫోన్ ఎత్తేదెవరు? ఆడవాళ్ల స్నానాల గదికి లోపల గడియ ఉందా? జ్వరమొచ్చిన వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరు? ఇక్కడ ఉన్నవాళ్లకు ఆ తర్వాత అద్దె గదో, పనో చూపించే బాధ్యత ఎవరిది? అధికారుల చేత వీటన్నిటికీ జవాబులు రాయించుకోవాలి. సీవాల్ లాట్ పొరుగువాళ్లు లీజు గడువు రాయించుకున్నారు కదా, అలాగే.