సముద్రం లేని ఉప్పల్‌లో ఆటుపోట్లు

హైదరాబాద్ నుంచి సముద్రం 250 కిలోమీటర్లకు పైనే. అయినా ఉప్పల్ రింగురోడ్డు కింది నేల రోజుకు రెండుసార్లు పైకి లేస్తుంది, రెండుసార్లు కిందికి దిగుతుంది. ఇసుక నేల కూడా కాదు, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఆ రాయి కూడా ఎక్కువలో ఎక్కువ 30, 40 సెంటీమీటర్ల దాకా ఉబ్బి తగ్గుతుంది. మెట్రో పిల్లర్లు, క్రికెట్ స్టేడియం, నాచారం ఫ్యాక్టరీ షెడ్లు, మనం అందరం కలిసే లేస్తాం, కలిసే దిగుతాం కాబట్టి ఎవరికీ తెలియదు. సముద్రంలో నీళ్ళను లాగే చంద్రుడే ఇక్కడ రాయినీ లాగుతున్నాడు.

దీన్ని పట్టే యంత్రం ఉంది, గ్రావిమీటర్. భూమి ఆకర్షణ ఎక్కడెంత ఉందో కొలుస్తుంది. మెట్రో బ్లూలైన్‌లో నాగోల్ వైపు నుంచి వస్తుంటే ఉప్పల్, స్టేడియం దాటాక వచ్చే స్టేషన్ పేరే ఎన్‌జీఆర్‌ఐ. 1961లో ఏర్పడిన ఆ భూభౌతిక పరిశోధన సంస్థ చేసే పనుల్లో ఈ కొలతలు ఒకటి. ఫీల్డులో కొలత తీసుకున్నవాళ్ళు ముందు చేసే పని, ఆ గంటకు చంద్రుడు, సూర్యుడు ఎక్కడున్నారో చూసి వాళ్ళ లాగుడును లెక్కలోంచి తీసేయడం. ఆ లాగుడు భూమి ఆకర్షణలో సుమారు కోటిలో ఒక వంతు. 70 కిలోల మనిషి చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు దాదాపు 8 మిల్లీగ్రాములు తేలికవుతాడు. డైటింగుకు పనికిరాదు కానీ, భూమిలో ఖనిజం ఉందా లేదా అని వెతికేవాడికి ఆ 8 మిల్లీగ్రాములు చాలా పెద్ద లెక్క.

ఈ వ్యాసం ఆ లాగుడు గురించే. కాకపోతే చంద్రుడి దగ్గర ఆగదు, గెలాక్సీల దాకా వెళుతుంది. అక్కడ ఈ లెక్కను తొలిరోజుల్లోనే కట్టినవారిలో ఒకాయన మన సికింద్రాబాద్ మనిషి. ఎన్‌జీఆర్‌ఐ తర్వాతి స్టేషన్ హబ్సిగూడ. అక్కడ కుడికి తిరిగితే నాచారం రోడ్డు, ఎడమవైపు ఉస్మానియా క్యాంపస్. ఆయన పాఠాలు చెప్పింది, పరిశోధన చేసింది ఆ విశ్వవిద్యాలయంలోనే. పేరు సాలేహ్ మహమ్మద్ అల్లాదీన్. పుట్టింది 1931లో, పోయింది 2011లో. 1963లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పట్టా తీసుకున్నారు. ఆయన ఎంచుకున్న ప్రశ్న: రెండు గెలాక్సీలు ఢీకొంటే ఏమవుతుంది?

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. సూర్యుడి బరువు చంద్రుడి బరువుకు 2.7 కోట్ల రెట్లు. దూరం 390 రెట్లు. గురుత్వాకర్షణ దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కదా, 390ని 390తో గుణిస్తే లక్షన్నర. 2.7 కోట్లను లక్షన్నరతో భాగిస్తే, భూమిని సూర్యుడు లాగే బలం చంద్రుడి కంటే దాదాపు 180 రెట్లు ఎక్కువని తేలుతుంది. మరి పోటు తెచ్చేవాడు ప్రధానంగా చంద్రుడే ఎందుకయ్యాడు?

పోటు తెచ్చేది మొత్తం లాగుడు కాదు, లాగుడులోని తేడా. భూమికి చంద్రుడివైపు ఉన్న ముఖం కాస్త గట్టిగా, మధ్యభాగం అంతకంటే తక్కువగా, అవతలి ముఖం ఇంకా తక్కువగా లాగబడతాయి. ఈ తేడాల వల్ల భూమి రెండువైపులా సాగుతుంది. రోజుకు రెండు పోట్లు రావడానికి కారణం అదే. ఈ తేడా తగ్గేది దూరం వర్గాన్ని బట్టి కాదు, ఘనాన్ని బట్టి. 390ని మూడుసార్లు గుణించుకుంటే 5.9 కోట్లు. 2.7ను 5.9తో భాగిస్తే 0.46. అంటే పోటు తేవడంలో సూర్యుడి బలం చంద్రుడిలో సగానికి కూడా తక్కువ. ఇంటర్ పిల్లలు కాగితం మీద వేయదగ్గ లెక్కే ఇది. కానీ ఎంట్రన్సు కోచింగుల్లో ఫార్ములా దొరికినంత సులువుగా ఈ ‘ఎందుకు’ దొరకదు.

ఇక నక్షత్రాల సంగతి. సూర్యుడి వ్యాసం 14 లక్షల కిలోమీటర్లు. సౌరకుటుంబానికి అతి దగ్గరి నక్షత్రం 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఆ దూరంలో సూర్యుళ్ళను పక్కపక్కన పేర్చుకుంటూ పోతే 2.9 కోట్లు పడతాయి. సూర్యుణ్ణి ఒక సెంటీమీటరు గోళీ అనుకుని ఉప్పల్ చౌరస్తాలో పెడితే, రెండో గోళీ 290 కిలోమీటర్ల అవతల, దాదాపు విజయవాడలో ఉంటుంది. ఇప్పుడు గెలాక్సీ లెక్క చూడండి. మన పాలపుంత బిళ్ళ అడ్డుకొలత సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. దగ్గరలోని పెద్ద గెలాక్సీ ఆండ్రోమెడా దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు. మధ్యలో పట్టేది 25 పాలపుంతలే.

ఒకచోట 2.9 కోట్లు, మరోచోట 25. అల్లాదీన్ పనిచేసిన శాస్త్రమంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. గెలాక్సీలు ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉండబట్టి ఢీకొనడం మామూలు. నక్షత్రాలు ఒకదానికొకటి అంత దూరంగా ఉండబట్టి, గెలాక్సీలు ఢీకొన్నా ఒక నక్షత్రం ఇంకో నక్షత్రాన్ని తాకదు. ఒక గెలాక్సీ మరో గెలాక్సీలోంచి దూసుకుపోతుంది. 1951లో లైమన్ స్పిట్జర్, వాల్టర్ బాడే ఈ మాట చెప్పారు. నక్షత్రాలు తప్పించుకుపోతాయి, మధ్యలోని వాయువు మాత్రం ఢీకొని బయటికి ఊడ్చుకుపోతుందన్నారు.

మరి నక్షత్రాలకు ఏమీ కాదా? అవుతుంది. తాకకపోయినా లాగుతాయి కదా.

కంప్యూటర్లు రాకముందు దీన్ని లెక్కగట్టడానికి స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ హోమ్‌బెర్గ్ 1941లో ఒక ఉపాయం వేశాడు. వెలుగు కూడా గురుత్వాకర్షణ లాగే దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. అందుకని ఒక్కో గెలాక్సీకి 37 చొప్పున మొత్తం 74 బల్బులు బల్ల మీద పరిచాడు. ఒక్కో బల్బు ఉన్నచోట మిగతా బల్బుల వెలుగు ఏ దిక్కు నుంచి ఎంత పడుతోందో ఫొటోసెల్‌తో కొలిచాడు. ఆ కొలతే అక్కడి ఆకర్షణ బలం. దాని ప్రకారం బల్బులన్నిటినీ చేత్తో కొంచెం జరపడం, మళ్ళీ కొలవడం. గెలాక్సీలు దగ్గరగా వెళ్ళినప్పుడు ఆకారం చెడడం, వేగం కోల్పోవడం ఆ బల్ల మీదే కనిపించాయి. నన్నడిగితే విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇంత ఓపికైన ప్రయోగాలు తక్కువ.

అల్లాదీన్ దారి వేరు, సమీకరణాల దారి. దాని కీలకం కూడా అంకెల్లోనే ఉంది. గెలాక్సీల గుంపుల్లో ఒకదాన్నొకటి దాటిపోయే వేగం సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఆ వేగంతో 65 వేల కాంతి సంవత్సరాల మందమున్న గెలాక్సీని దాటడానికి సుమారు 2 కోట్ల ఏళ్ళు చాలు. సూర్యుడిలాంటి నక్షత్రం గెలాక్సీ చుట్టూ ఒక్కసారి తిరగడానికి 22 నుంచి 25 కోట్ల ఏళ్ళు పడుతుంది. అంటే అవతలి గెలాక్సీ వచ్చి వెళ్ళేలోపు ఇక్కడి నక్షత్రం తన చుట్టులో పదో వంతు కూడా పూర్తిచేయదు. ఉన్నచోటే ఉందనుకోవచ్చు. ఉన్నచోటే ఒక తోపు తగిలిందనీ, ఆ తోపు మేరకు దాని వేగం మారిందనీ లెక్క వేస్తే సరిపోతుంది. దూరం నుంచి దాటిపోయే వాటికి స్పిట్జర్ 1958లో వాడిన పద్ధతి ఇదే. ఆ తోపువల్ల లోపలి నక్షత్రాలకు చేరే శక్తి, వేగం వర్గానికి విలోమంగా ఉంటుంది. వెయ్యి కిలోమీటర్ల బదులు ఐదు వందలతో వస్తే దెబ్బ నాలుగు రెట్లు, 250తో వస్తే 16 రెట్లు. మామూలు ఊహకు ఇది తలకిందులు. నెమ్మదిగా వచ్చిన గెలాక్సీయే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే లాగడానికి దానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

దూరం సంగతి ఇంకా తీవ్రం. దూరం సగమైతే దెబ్బ 16 రెట్లు. మరి దూరం సున్నా అయితే? రెండు కేంద్రాలూ ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతే? ఫార్ములా అనంతం అంటుంది. అర్థంలేని జవాబు. గెలాక్సీని చుక్కగా అనుకున్న ఫలితం అది. గెలాక్సీ చుక్క కాదు, వేల కాంతి సంవత్సరాలు పరుచుకున్న రాశి. అల్లాదీన్ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. నక్షత్రాల లోపలి నిర్మాణాన్ని లెక్కగట్టడానికి వాడే పాలీట్రోప్ నమూనాలను తీసుకుని, కేంద్రం దగ్గర చిక్కగా, అంచుల్లో పలచగా ఉండే గుండ్రటి గెలాక్సీలను కాగితం మీద కట్టారు. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతుంటే వాటి మధ్య ఆకర్షణ ఎలా మారుతుందో, లోపలికి ఎంత శక్తి చేరుతుందో గణించారు. ఇప్పుడు జవాబు అనంతం రాదు. ‘ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రం’ అనే అర్థమిచ్చే శీర్షికతో ఆ పేపర్ 1965లో అమెరికా ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వచ్చింది.

లోపలికి చేరిన శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది? గెలాక్సీల పరుగు నుంచే. నక్షత్రాల కదలిక పెరిగిన మేరకు గెలాక్సీల పరుగు తగ్గాలి. వేగంగా వచ్చినవి కొంచెం తగ్గి వెళ్ళిపోతాయి. నెమ్మదిగా వచ్చినవి ఇక వదిలిపోలేక జంటగా మిగిలిపోతాయి, చివరికి కలిసిపోతాయి. ఏ వేగం దగ్గర విడిపోతాయి, ఏ వేగం దగ్గర చిక్కుకుంటాయి, ఎప్పుడు ఒకటి చెదిరిపోతుంది అన్నవి ఆయన, ఆయన విద్యార్థులు ఏళ్ళ తరబడి పట్టిన లెక్కలు. 1982లో కె.ఎస్.వి.ఎస్. నరసింహన్‌తో కలిసి గెలాక్సీల మధ్య గురుత్వ ప్రభావాల మీద ఆయన రాసిన దాదాపు 60 పేజీల సమీక్ష ఫిజిక్స్ రిపోర్ట్స్‌లో అచ్చయింది. ఒక రంగమంతటినీ ఒకచోట పెట్టే సమీక్షలకు ఆ పత్రిక పేరున్నది. ఉస్మానియా చిరునామా మీద అది వెళ్ళడం చిన్న విషయం కాదు.

ఉస్మానియాకు అప్పటికే చుక్కల లెక్క కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ఫొటో ప్లేట్ల మీద ఒక్కొక్క నక్షత్రాన్నీ కొలిచి 7,63,542 నక్షత్రాల స్థానాలను 12 సంపుటాల్లో అచ్చువేసింది. 1919లో అది విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. 1959లో ఖగోళశాస్త్ర శాఖ, 1964లో యూజీసీ ఉన్నత అధ్యయన కేంద్రం హోదా, 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు. అప్పటికి దేశంలో అదే పెద్దది. ఆ కేంద్రానికి అల్లాదీన్ డైరెక్టర్‌గా కూడా పనిచేశారు. టెలిస్కోపు గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. పెన్సిలు పట్టుకుని కూర్చున్నవాళ్ళ గురించి తక్కువ.

ఆయన నమూనాలో లోటు లేదా అంటే, ఉంది. అప్పటి గెలాక్సీ అంటే కనిపించే నక్షత్రాలే. ఇప్పటి లెక్క ప్రకారం విశ్వంలో మామూలు పదార్థం 5 శాతం, కనిపించని కృష్ణపదార్థం 27 శాతం, మిగతా 68 శాతం కృష్ణశక్తి. గెలాక్సీ చుట్టూ కనిపించే భాగానికి ఎన్నో రెట్ల విస్తారంలో కృష్ణపదార్థం పరుచుకుని ఉంటుంది. అంటే గెలాక్సీలు మనం అనుకున్నదానికంటే ముందే, ఇంకా గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 1,380 కోట్ల ఏళ్ళ విశ్వంలో చిన్న గెలాక్సీలు కలిసి పెద్దవి అవుతూ వచ్చాయన్నది నేటి విశ్వశాస్త్రానికి పునాది మాట. హోమ్‌బెర్గ్ బల్ల మీద 74 బల్బులుంటే, 2005 నాటి మిలీనియం సిమ్యులేషన్‌లో కణాలు వెయ్యి కోట్లకు పైనే. అంకెలు అంత పెరిగినా తోపు లెక్కను విద్యార్థులకు ఇప్పటికీ నేర్పుతూనే ఉన్నారు. కంప్యూటర్ ‘ఎంత’ అని చెబుతుంది, ‘ఎందుకు’ అన్నదానికి నాలుగు వరసల సమీకరణమే కావాలి.

మన వంతు ఢీ ఎప్పుడు? ఆండ్రోమెడా సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోంది. దూరాన్ని వేగంతో భాగిస్తే 680 కోట్ల ఏళ్ళు. దగ్గరయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది కనుక 400 నుంచి 450 కోట్ల ఏళ్ళని మొన్నమొన్నటిదాకా చెప్పారు. చుట్టుపక్కల గెలాక్సీల లాగుడును కూడా చేర్చి 2025లో వచ్చిన లెక్క ప్రకారం, రాబోయే వెయ్యి కోట్ల ఏళ్ళలో ఈ రెండూ కలిసిపోయే అవకాశం సుమారు 50 శాతమే.

ఆండ్రోమెడాను కళ్ళారా చూడాలంటే ఉప్పల్ వీధిదీపాల కింద కుదరదు. నవంబరు, డిసెంబరు నెలల్లో అమావాస్యకు అటూ ఇటూ, రాత్రి ఏడు, ఎనిమిది గంటల మధ్య, వరంగల్ రోడ్డు మీద భువనగిరి దాటాక లైట్లు లేని చోట ఆగండి. ఉత్తరం, ఈశాన్యం వైపు తిరిగి, నడినెత్తికి కాస్త కిందుగా వెతకండి. చిన్న తెల్లటి మసకలా ఉంటుంది. మామూలు బైనాక్యులర్స్ ఉంటే పని సులువు. చూసేముందు పావుగంట ఫోన్ తెరవకండి.