నేలఉసిరి పసరు – కామెర్లు

వానలు పడ్డాక ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింది పొలాల గట్ల మీద చూడండి. జానెడు మొక్క, చింతాకు వంటి చిన్న ఆకులు, వాటి కింద వరుసగా ఆవగింజలంత కాయలు. అదే నేలఉసిరి. కామెర్లు (ఇక్కడివారు పసిరికలంటారు) వస్తే దీని పసరు మజ్జిగలో కలిపి తాగించడం పాత వాడుక. తాగినవారిలో చాలామందికి నయమవుతుంది కూడా!

చిక్కంతా ఇక్కడే ఉంది. కలుషితమైన నీటివల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. మరి తగ్గించింది పసరా, కాలమా? తేలాలంటే మందు తిన్నవారిని, తిననివారిని పోల్చి చూడాలి. మద్రాసులో త్యాగరాజన్ బృందం హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారిపై అలాగే పరీక్షించి 1988లో ఫలితాలు ప్రకటించింది. నెలరోజులు నేలఉసిరి పొడి తిన్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ జాడ కనిపించలేదు. ఉత్తుత్తి మందు తిన్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఎంత ఆశ కలిగి ఉంటుందో ఊహించండి! కానీ తర్వాత ఇతరచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు.

పిత్తనాళానికి రాయి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి. దాన్ని వైద్యుడు తొలగించాలి. గర్భిణికి హెపటైటిస్-ఇ సోకితే ప్రాణాపాయం. పసరు తాగుతూ వారాలు గడిపితే ఇలాంటివారికే ముప్పు. ఏ రకం కామెర్లో కళ్ళ రంగు చెప్పదు, రక్తపరీక్ష చెబుతుంది.