తాళిలో పగడం, కడలిలో ప్రాణం

చెరువు నిండితేనే ఊరంతా చూడ్డానికి వెళ్ళే మడకశిరలో ఉండి, సముద్రం అడుగు సంగతి చెప్తానంటే నవ్వకండి. నల్లపూసల మధ్య మనం గుచ్చుకునే పగడం చిన్నచిన్న జీవులు కట్టిందే. అసలు ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రానిది. దాని దాయాదులే మన అండమాన్‌లో దిబ్బలు కట్టాయి.

అక్కడి స్వరాజ్ ద్వీప్‌లో, అంటే ఇదివరకటి హేవలాక్‌లో, వీపున గాలి సిలిండరు కట్టి సముద్రంలోకి దించుతారు. ఇదే స్కూబా డైవింగ్. ఈత రానివాళ్ళనూ శిక్షకులు పట్టుకునే తీసుకెళ్తారు. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. గర్భిణులు దిగకూడదు. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే ముందు డాక్టర్ని అడగాలి.

వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో జాలీబోయ్, రెడ్‌స్కిన్ దీవులను వంతులవారీగా చూపిస్తారు. మనం చేను బీడు పెట్టినట్టే, దిబ్బలకూ కాస్త విశ్రాంతి!

నీళ్ళు వేడెక్కితే పగడానికి తిండి పెట్టే నాచు దాన్ని విడిచిపోతుంది. పగడం తెల్లబడిపోతుంది. 1998లో, 2010లో అండమాన్‌లో జరిగిందదే. నీళ్ళు లేక మన శెనక్కాయ ఎండుతుంటే, నీళ్ళలో ఉండీ పగడం మాడిపోతోంది.

వెళ్ళే అవకాశం వస్తే వదులుకోకండి. కళ్ళారా చూడండి, చేత్తో తాకకండి. దిబ్బ పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. షోకేసులోకని ముక్క తెచ్చినా నేరమే!