భారీ శిల్పాల రవాణాకు పాలీయురేథేన్ ఫోమ్: ఎంపికలో పాటించవలసిన మెళకువలు

సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో లభించిన సున్నపురాతి శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనకు తరలివెళ్లాయి. పదిహేడు శతాబ్దాల నాటి ఇటువంటి రాతి ఫలకం ప్రయాణంలో ఒక్క కుదుపుకు బీటవారితే దానిని అతికించవచ్చునే గాని, పూర్వరూపం తేవడం సాధ్యం కాదు. అందువలన పెట్టెలో శిల్పం కింద పరిచే మెత్త ఎంపికకు విశేష ప్రాధాన్యం ఉన్నది.

ఒకప్పుడు ఇందుకు వరిగడ్డి, గోనెపట్టాలు, రంపపు పొట్టు వాడేవారు. ఇవి ఒకసారి అణగిన తరువాత తిరిగి పైకి లేవవు; తేమను పీల్చుకుంటాయి. 1937లో జర్మనీకి చెందిన ఒట్టో బేయర్, ఆయన సహచరులు పాలీయురేథేన్ రసాయనాన్ని రూపొందించారు. పాలియాల్, ఐసోసయనేట్ అనే ద్రవాలను కొద్దిపాటి నీటితో కలిపినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఆ మిశ్రమాన్ని పొంగించి, సన్నని గదులతో కూడిన ఫోమ్‌గా మారుస్తుంది. ఒత్తిడికి అణగి, ఒత్తిడి తొలగగానే మునుపటి రూపం పొందడం దీని గుణం.

దెబ్బను తగ్గించే విధానం

ముప్పై సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిన శిల్పం గచ్చుపై రెండు మిల్లీమీటర్ల లోపే ఆగితే, దానిపై పడే సగటు తాకిడి దాని బరువుకు 150 రెట్లు ఉంటుంది. అదే శిల్పం ఫోమ్‌పై పడి మూడు సెంటీమీటర్లు కుంగి ఆగితే, ఆ తాకిడి సుమారు 11 రెట్లకు తగ్గుతుంది. ఆగడానికి దొరికిన ఆ కొద్దిపాటి దూరమే శిల్పానికి రక్షణ.

కాబట్టి పరుపులలో వాడే మెత్తని ఫోమ్ భారీ వస్తువులకు చాలదు. 100 కిలోల శిల్పం 50 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు గల పీఠంపై నిలిస్తే, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 50 గ్రాముల భారం పడుతుంది. ఆ భారానికే ఫోమ్ బాగా అణగిపోతే, కుదుపు వచ్చినప్పుడు ఇక కుంగడానికి చోటు మిగలదు. అధిక సాంద్రత గల ఫోమ్ అవసరం ఇక్కడే ఏర్పడుతుంది. అయితే తేలికైన వస్తువు కింద మరీ గట్టి ఫోమ్ వేస్తే అది అసలు కుంగదు. దెబ్బ నేరుగా వస్తువుకే తగులుతుంది.

బజారులో '32 డెన్సిటీ', '40 డెన్సిటీ' అని చెప్పే అంకె ఘనపు మీటరు ఫోమ్ బరువును కిలోలలో తెలుపుతుందే గాని, గట్టిదనాన్ని తెలుపదు. ఒకే సాంద్రతలో మెత్తని రకమూ, గట్టి రకమూ ఉంటాయి. కావున అధికారులు వస్తువు బరువును, అది ఆనే వైశాల్యాన్ని ముందుగా లెక్కించి, ఎంత భారానికి ఎంత తాకిడిని ఆపగలదో తెలిపే పట్టికను తయారీదారు నుంచి కోరవలసి ఉంటుంది.

పరిమితులు

పాలీయురేథేన్ ఫోమ్ వెలుతురుకు పసుపుబారి, కాలక్రమేణా పొడిగా రాలుతుంది. పాలియెస్టర్ రకాన్ని తేమ త్వరగా బలహీనపరుస్తుంది. అందుచేత శిల్పాన్ని ఫోమ్‌కు నేరుగా తాకనీయక, మధ్య పాలీఇథిలీన్ ఫోమ్ పలకను గాని, ఆమ్లరహిత కాగితాన్ని గాని ఉంచాలి. ప్రయాణం ముగిసిన వెంటనే పెట్టె నుంచి తీయాలి. ఈ ఫోమ్ అంటుకుంటే వేగంగా మండి విషవాయువులు వెలువరిస్తుంది కనుక, నిల్వ గదులలో నిప్పుకు దూరంగా భద్రపరచాలి. దీర్ఘకాలం అణగి ఉన్న ఫోమ్ మునుపటి మందానికి రాదు. పాత పెట్టెలను మళ్లీ వాడే ముందు మందాన్ని కొలిచి చూడాలి.

పెట్టెపై కుదుపును నమోదు చేసే రంగు మారే సూచికలను అతికించడం, బయలుదేరే ముందు, చేరిన తరువాత శిల్పాన్ని ఛాయాచిత్రాలతో సరిపోల్చడం వలన నష్టం ఎక్కడ జరిగిందో తెలుసుకోవచ్చును. అయితే అవి జరిగిన నష్టాన్ని తెలుపగలవే గాని, ఆపలేవు. ఆపగలిగేది ముందుగా సరిగా లెక్కించి ఎంచుకున్న ఫోమ్ మాత్రమే.