వంటగట్టు దాకా వచ్చే ముక్కు

పెంపుడు కుక్క వంటగట్టు మీది చేపముక్కను నోట కరుచుకుని పోయినప్పుడు దానిని దొంగతనం అనడం వాడుకలో ఉన్నదే అయినా, ఆ మాటలోని నేరభావన మనిషిదే తప్ప కుక్కది కాదు. కనీసం 14,000 ఏళ్లుగా మనిషి వెంట బతుకుతున్న ఈ జంతువు, ఊరి పొలిమేరల్లో దొరికినదాన్ని వెతుక్కుని పొట్ట నింపుకోవడం తెలిసిన జాతికి చెందినది. నోటికందే ఎత్తులో, ఎవరూ తినకుండా ఉన్న ఆహారం దాని దృష్టిలో ఎవరి సొత్తూ కాదు. అందుచేత దానికి నేర్పవలసింది నీతి కాదు, అలవాటు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో, పెట్టెల్లో బంధించిన పిల్లులు గడియ తీసుకుని బయటి ఆహారాన్ని చేరే తీరును పరిశీలించి, తృప్తినిచ్చిన పనిని ప్రాణి మళ్లీ మళ్లీ చేస్తుందన్న నిర్ణయానికి దారి వేశాడు. ఒక పనికి వెంటనే దక్కే ఫలం ఆ పనిని బలపరచడాన్ని పునర్బలనం అంటారు, బి.ఎఫ్. స్కిన్నర్ దీన్ని విస్తారంగా పరిశోధించి, చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. ప్రతిసారీ కాక అప్పుడప్పుడు మాత్రమే ఫలించిన అలవాటు మరింత మొండిగా నిలుస్తుందన్నది ఈ శాస్త్రం తేల్చిన ముఖ్య విషయం. వారం రోజులు గట్టు మీదికి కాళ్లు చాచినా ఏమీ దొరకని కుక్కకు ఎనిమిదో రోజున మూతలేని గిన్నెలో కోడికూర దొరికిందంటే, ఆ వారం పడిన శ్రమంతా వృథా అయినట్లే.

ఇటువంటప్పుడు చాలామంది చేసే పని తిట్టడం, కొట్టడం. కానీ పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చెవులు వాల్చి, చూపు తిప్పుకుని కుక్క పెట్టే 'తప్పుచేసిన మొహం' అది నిజంగా తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి కాక, యజమాని మందలించాడా లేదా అన్నదాన్ని బట్టి కనిపించింది. జూలియాన్ కామిన్‌స్కీ బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలోనైతే, వద్దన్న ఆహారాన్ని కుక్కలు వెలుతురులో కంటే చీకట్లోనే ఎక్కువగా కాజేశాయి. మనిషి తనను చూడగలడో లేడో గమనించే జంతువుకు దెబ్బ నేర్పే పాఠం తినకూడదని కాదు, మనిషి ఉండగా తినకూడదని.

కాబట్టి శిక్షణ ఇంట్లోవాళ్ల నుంచే మొదలుకావాలి. పాలు, పెరుగు పిల్లికి అందకుండా ఉట్టి మీద పెట్టిన వెనుకటి ఇల్లాళ్లు పిల్లిని మార్చాలని చూడలేదు, గిన్నె చోటు మార్చారు. గిన్నెకు మూత, చెత్తబుట్టకు గట్టి మూత, వంట సాగే వేళ గుమ్మానికి అడ్డుచెక్క ఉంటేనే తరువాత నేర్పేది నిలుస్తుంది.

నేర్పడానికి 'వదిలెయ్' అన్న ఒక్క మాట చాలు. ఒక చిన్న బిస్కెట్ ముక్కను గుప్పిట్లో మూసి కుక్క ముక్కు ఎదుట పట్టుకుంటే, అది వాసన చూస్తుంది, నాకుతుంది, కాలితో గీరుతుంది, ఒక్కోసారి మొరుగుతుంది. గుప్పిలి మాత్రం తెరుచుకోదు. చివరకు విసిగి ముక్కును రెండంగుళాలు వెనక్కి తీసుకున్న ఆ క్షణంలోనే 'శభాష్' అని, రెండో చేతిలో దాచిన ఉడికించిన కోడిమాంసం ముక్కను అందించాలి. ఈ పాఠానికి ప్రాణం ఆ రెండంగుళాలే. గుప్పిట్లోది ఎన్నడూ ఇవ్వకూడదు. వదిలినదానికంటే మేలైనది మనిషి చేతి నుంచి వస్తుందని కుక్కకు తెలియాలి. గుప్పిలి నుంచి ముక్కును వెనక్కి తీసుకోవడం అలవాటయ్యాక 'వదిలెయ్' అన్న మాటను జతచేసి, తెరిచిన అరచేతితో, ఆపై నేలమీద, తరువాత పీటమీద, చివరకు బల్లమీద ఉంచిన ఆహారంతో రోజుకు కొద్ది నిమిషాలు సాధన చేయించాలి. ఇంతకాలం ఫలించిన ప్రయత్నం ఫలించకపోయేసరికి కుక్క అల్లరి మధ్యలో మరింత పెరగవచ్చు. అప్పుడు మెత్తబడి గుప్పిలి తెరిస్తే ఆ అల్లరికే బహుమతి ఇచ్చినట్లవుతుంది.

ఇంత జాగ్రత్త పడినా ఏదో ఒకనాడు ముక్క నోటపడితే, వెంటపడి లాక్కోవడం కంటే మరో ముక్క చూపి మార్పిడి చేసుకోవడం మేలు. లాక్కుంటున్నకొద్దీ కుక్క గుటుక్కున మింగడమో, గుర్రుమంటూ కాపలా కాయడమో నేర్చుకుంటుంది. మింగినది ప్రాణాంతకం కూడా కావచ్చు. పాయసంలోని కిస్మిస్ మూత్రపిండాలను, కూరలోని ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను, చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ గుండెను దెబ్బతీయగలవు. ఉడికిన ఎముకలు పదునుగా విరిగి పేగులను గుచ్చగలవు. ఇటువంటివి తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుణ్ణి సంప్రదించాలి.

కొన్ని కుక్కల ఆకలి పుట్టుకతోనే వచ్చినది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2016లో వెల్లడించిన ప్రకారం, లాబ్రడార్‌లలో దాదాపు నాలుగో వంతు వాటికి పీవోఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుంది, అటువంటివాటికి తిండిమీద ధ్యాస మరీ ఎక్కువ. అటువంటి కుక్కలున్న ఇళ్లలో ఓర్పుతో పాటు, భోజనాల వేళ కుక్క కూర్చోవడానికి గుమ్మం పక్కన ఒక గోనెపట్టా కూడా కావాలి. విస్తళ్లు లేచేదాకా దానిమీదే ఉన్న కుక్కకు దాని వాటా దాని గిన్నెలోనే అందాలి.